శిబిరం తర్వాత పని కూడా ఇవ్వాలి

మూడు రోజుల శిక్షణ శిబిరం పెడితే పిల్లల్లో నాయకత్వ లక్షణాలు వచ్చేస్తాయని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నేను ఒప్పుకోలేను. శిబిరాలు వద్దని కాదు. రోటరీ సేవాసంస్థ 1971లో అధికారికంగా చేపట్టిన రైలా (యువ నాయకత్వ శిక్షణ) శిబిరాలకు వెళ్లొచ్చిన పిల్లల హుషారు నేనూ చూశాను. కానీ చేతికి పని అప్పగించకపోతే నెల తిరిగేసరికి ఆ హుషారు చల్లారిపోతుంది. మా ఊరి హైస్కూల్లో ఇంటరాక్ట్ క్లబ్ పిల్లలకు ఆరేళ్లుగా సాయం చేస్తున్నాను. 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం రోటరీయే 1962లో మొదలుపెట్టిన సేవా క్లబ్బులివి. ఏడాదికి కనీసం రెండు సేవా కార్యక్రమాలు పిల్లలే చేయాలి. అసలు పాఠం అక్కడే ఉంది. కిందటేడు కంటి పరీక్షలు పెట్టించినప్పుడు టోకెన్ల బల్ల దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయిని కూర్చోబెట్టాం. క్లాసులో లేచి జవాబు చెప్పాలంటేనే టెన్షన్ పడే పిల్ల. పది గంటలకల్లా వరుస గేటు దాటింది. ఎండలో నిలబడలేక ముసలివాళ్లు కేకలేస్తున్నారు. ఆ అమ్మాయి లేచి వెళ్లి, "తాతా, ఆ వేపచెట్టు కింద కూర్చోండి, మీ నంబరు రాగానే నేనే వచ్చి పిలుస్తా" అని ఒక్కొక్కరికీ చెప్పింది. మగపిల్లల చేత బెంచీలు బయటికి మోయించింది. మా పెద్దవాళ్లెవరికీ ఆ ఆలోచన తట్టలేదు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయినా బల్ల వదల్లేదు. దాతలు శిబిరాలకిచ్చే డబ్బులో కొంతైనా ఇలాంటి పనులకు ఇవ్వాలి, ఖర్చు లెక్కలు కూడా పిల్లలకే అప్పజెప్పాలి.