అర్ధరాత్రి తలుపు చప్పుడుకు 55 ఏళ్ల తర్వాత జవాబు

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతన్ని 1941లో బందిపోటు దొంగతనం కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయినా పోలీసులు అతని పేరున హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టాల్సిన మనిషి రికార్డు, తెరిచారు. ఇక రాత్రిళ్లు ఊరి చౌకీదారో, కానిస్టేబులో వచ్చి తలుపు బాదడం, కేకలేసి నిద్ర లేపడం. విసిగిపోయి సుప్రీంకోర్టుకెక్కాడు.

1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదన్నారు. మెజారిటీ జడ్జీలు అదే తీర్పులో, మన రాజ్యాంగంలో ప్రైవసీ హక్కు లేదు, మనిషి కదలికలపై కన్నేసి ఉంచవచ్చు అని కూడా రాశారు. ప్రైవసీయే లేనప్పుడు తలుపు కొట్టడం తప్పెలా అయింది? ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. పనిగట్టుకుని ఒకరి ప్రైవసీలో తలదూర్చడం కంటే మనిషి సుఖానికి, ఆరోగ్యానికి చేటు చేసేది లేదన్నారు. ప్రైవసీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, నిఘా నిబంధన మొత్తాన్నీ కొట్టేయాలని జస్టిస్ షాతో కలిసి విడిగా రాశారు. ఇద్దరే కాబట్టి ఆ మాట చెల్లలేదు.

చెల్లలేదు కానీ చెరిగిపోలేదు. 1950లో గోపాలన్ కేసులో కోర్టు ఒక్కో ప్రాథమిక హక్కును ఒక్కో గదిలో పెట్టి తాళం వేసింది, అంటే ఒకదానితో ఒకటి కలిపి చదవకూడదంది. ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ కూడా ఆ దారినే నడిచింది. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసు, 1978లో మేనకా గాంధీ కేసు ఆ గోడలు పడగొట్టాయి. ఖరక్ సింగ్ తీర్పుకు పునాది అక్కడే కదిలిపోయింది. అయినా 2015లో ఆధార్ కేసులో అటార్నీ జనరల్ లేచి, ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదన్నారు. 1954 నాటి ఎనిమిది మంది జడ్జీల తీర్పు, ఈ ఆరుగురి తీర్పు చూపించారు. పెద్ద బెంచ్ మాటను కాదనే అధికారం చిన్న బెంచ్‌కు ఉండదు. అందుకే తొమ్మిది మంది కూర్చోవాల్సి వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనని చెప్పి సుబ్బారావు వైపు నిలిచారు. ఆయన 1976లోనే కన్నుమూశారు.

చట్టాలు చేయాల్సింది పార్లమెంటు, జడ్జీలకేం పని అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడ జడ్జీలు ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. దాన్ని చదివే తీరు మారింది. ఎందుకు మారిందో ప్రతి మెట్టులోనూ కారణాలు రాసిపెట్టారు. తప్పనిపిస్తే రేపటి బెంచ్ సరిదిద్దుకోవచ్చు. నా ఫిర్యాదు వేరే. 1975 నుంచి చిన్న బెంచ్‌లు ప్రైవసీని ఒప్పుకుంటూనే వచ్చాయి. విషయాన్ని పెద్ద బెంచ్‌కు పంపి తేల్చేయడానికి మాత్రం 40 ఏళ్లు ఆగాయి. ఆ ఆలస్యం ఖరీదు కట్టింది కోర్టులు కాదు, షీట్లలో పేర్లున్న మనుషులు.

మన దగ్గర రౌడీషీట్ అంటే ఏమిటో ప్రతి వీధికీ తెలుసు. కేసు కొట్టేసినా స్టేషన్‌లో పేరు, ఫొటో ఉండిపోతాయి. రాత్రి తనిఖీలకు కానిస్టేబుల్ వస్తే ఇంట్లో పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి ఒకరు 2017 తీర్పును ఆధారం చేసుకుని, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లు (శాఖ తనకు తాను రాసుకున్న నియమాలు) చట్టం కావు, వాటిని చూపించి రౌడీషీట్లు తెరవడం కుదరదన్నారు. సింగిల్ జడ్జి మాటను అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ మార్చవచ్చు, ఆపైన సుప్రీంకోర్టు ఉండనే ఉంది. ఈసారైనా తేల్చడానికి 55 ఏళ్లు తీసుకోకూడదు.