పళ్ల పిప్పిని పారబోసి, చేపల మేతకు సముద్రాన్ని తోడతామా?

నారింజను పిండి రసం తీస్తే పండు బరువులో దాదాపు సగం తొక్క, పిప్పి, గింజలుగా మిగిలిపోతుంది. ఆ కుప్ప ఒక్క రోజు ఎండలో ఉంటే చాలు, అడుగు నుంచి పుల్లటి నీరు కారుతుంది, పైన ఈగలు ముసురుతాయి. పూడ్చిపెడితే గాలి అందక మీథేన్ పుడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి డబ్బు పోస్తున్న పరిశ్రమలు అందులోని చక్కెర విలువను పట్టించుకోకపోవడం క్షమించరాని అలసత్వం. ఆ చక్కెరతోనే చేపల మేత పండించవచ్చు.

2022లో జలచరాల సాగు తొలిసారి వేటను మించిందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్క తేల్చింది. ఆ సాగుకు కావలసిన మేతలో కలిపే చేపపొడి, చేపనూనెల కోసం పెరూ తీరంలోని ఆంకోవెటా వంటి చిన్న చేపలను భారీగా పడుతున్నారు. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. అసలు విషయం ఏమిటంటే, మనం అంతగా కోరుకునే డీహెచ్‌ఏ, ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వులకు ప్రధాన మూలం చేప కాదు, నీటిలోని సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనబడనంత చిన్న నాచు. వాటిని తిన్న సూక్ష్మజీవులను తిని చేప ఆ కొవ్వును ఒంట్లో దాచుకుంటుంది, అంతే. మూలమే చేతికి అందుతుండగా, సముద్రపు పక్షుల నోటి దగ్గరి చేపను లాక్కుని నూనె పిండడం దేనికి?

క్లోరెల్లా అనే సూక్ష్మ శైవలం వెలుతురు లేకున్నా గ్లూకోజ్ తిని పెరుగుతుంది, దాని ఎండు బరువులో సగం వరకు మాంసకృత్తులే. శైవలాల కోవలోనే చెప్పుకునే షైజోకైట్రియం అనే సూక్ష్మజీవి చీకటి ట్యాంకుల్లో చక్కెర తిని డీహెచ్‌ఏ కూడబెడుతుంది. దాని నూనె సాల్మన్ మేతలోకి ఇప్పటికే చేరింది. పిప్పిని రుబ్బి, ఎంజైములతో పీచును చక్కెరగా విడగొట్టి, వడగట్టి ఇస్తే వాటికి అదే ఆహారం. నారింజ తొక్కలోని లిమోనీన్ అనే సువాసన నూనె సూక్ష్మజీవుల ఎదుగుదలను అడ్డుకుంటుంది కాబట్టి దాన్ని ముందే తీసేయాలి, దానికి విడిగా గిరాకీ ఉంది. పిప్పిలో తక్కువగా ఉండే నత్రజని, చేపల ట్యాంకుల నుంచి బయటికి వదిలే నీటిలో అమ్మోనియాగా దొరుకుతుంది. ఒకరు పారబోసేది మరొకరి లోటు తీర్చే ఇంత చక్కని పొందిక అరుదు.

శైవలాలను ఆరబెట్టడానికి ఇంధన ఖర్చు ఎక్కువనీ, క్లోరెల్లా గట్టి కణపొరను చేపలు సరిగా అరిగించుకోలేవనీ కొందరి అభ్యంతరం. రెండూ నిజమే. అయితే పొరను మిల్లులో పగలగొట్టే పద్ధతులున్నాయి, దగ్గర్లోనే చేపల ట్యాంకులుంటే తడి మేతే వేయవచ్చు. పైగా చేపపొడి చవక అనిపించడానికి కారణం, ఖాళీ అవుతున్న సముద్రం ఖరీదు ఏ బిల్లులోనూ కనబడకపోవడమే.

మన లెక్కల పుస్తకాల జబ్బే అది: చక్కెర నిండిన పిప్పిని ‘వ్యర్థం’ పద్దు కింద, బతికున్న చేపను ‘ముడిసరుకు’ పద్దు కింద రాస్తాయి. ముందు ఆ పద్దు మారాలి. పిప్పిలో అధిక భాగం నీరే గనుక దాన్ని లారీల్లో దూరం మోయడం దండగ. పైగా కొన్ని గంటల్లోనే ఈస్టు చేరి ఆ చక్కెరను తినేస్తుంది. అందుకే శైవలాల ట్యాంకు రసం తీసే యంత్రం పక్కనే, అదే గోడల లోపల వెలవాలి.