ఎగుమతి డ్రమ్ముకున్న లేబుల్ మన డ్రమ్ముకు ఏదీ?

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీ నుంచి ఐరోపాకు ఓ ప్రమాదకర రసాయనం వెళ్తోందంటే డ్రమ్ము మీద ఎర్ర అంచు డైమండ్ గుర్తులు, ఒంటికి తగిలితే ఏం చేయాలో చెప్పే వాక్యాలు ఉండాల్సిందే, లేకపోతే అక్కడి కొనుగోలుదారు సరుకు తీసుకోడు. అదే రసాయనం గాజువాకలోని చిన్న యూనిట్‌కు వెళ్తే ఆ గుర్తులు వేయమని గట్టిగా అడిగే చట్టం మనకు లేదు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు లేబుల్ వేయమంటాయి గానీ ప్రపంచమంతా వాడుతున్న ఈ పద్ధతిలోనే వేయాలని చెప్పవు. ఇదేం న్యాయం?

ఆ పద్ధతి పేరు జీహెచ్‌ఎస్, అంటే రసాయనాల ప్రమాదాన్ని అన్ని దేశాల్లో ఒకేలా వర్గీకరించి లేబుల్ వేసే పద్ధతి. 1992లో రియో సదస్సు అడిగింది, 2003లో ఐక్యరాజ్యసమితి ప్రచురించింది, 2008 కల్లా అన్ని దేశాలూ అమలు చేయాలని అప్పట్లో అనుకున్నారు. తొమ్మిది బొమ్మలు, రెండు హెచ్చరిక పదాలు, రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే 16 భాగాల సేఫ్టీ డేటా షీట్, క్లుప్తంగా ఇంతే. మన దగ్గర 2020లో కొత్త రసాయన నిబంధనల ముసాయిదా తిరిగింది, తిరుగుతూనే ఉంది.

అదే 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మేసి 12 మంది చనిపోయారు. లేబుల్ ఉంటే ట్యాంకు వేడెక్కేది కాదని మేము అనడం లేదు, అది నిర్వహణ లోపం, సైరన్ కూడా మోగలేదు. కానీ గోడ అవతల ఏ రసాయనం ఉంది, పీలిస్తే ఏమవుతుంది, ఎటు పరిగెత్తాలి అన్నవి ఊరివాళ్లకు ముందే తెలిసి ఉండాల్సిన విషయాలు. డేటా షీట్‌లో నాలుగో భాగం ప్రథమ చికిత్స, ఐదోది మంటలార్పడం, ఆరోది లీకైతే ఏం చేయాలి. ఈ మూడూ తెలుగులో విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనూ దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌లోనూ ముందే ఉండాలి, అర్ధరాత్రి ఫోన్లు చేసి కనుక్కోవడం కాదు.

మిథనాల్ సంగతి చూడండి. చూడ్డానికి నీళ్లే. డ్రమ్ము మీద మూడు బొమ్మలుండాలి: మంట, పుర్రె, గుండెల మీద నక్షత్రంలాంటి మచ్చ ఉన్న మనిషి. పుర్రె ఎవరికైనా అర్థమవుతుంది, మూడోది చూస్తే మాత్రం సూపర్‌హీరో అనుకునేలా ఉంటుంది (నిజానికి లోపలి అవయవాలు దెబ్బతింటాయని దానర్థం, మిథనాల్ తాగితే కళ్లు పోతాయి). కాబట్టి శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో కాంట్రాక్టు మీద వచ్చి నైట్ షిఫ్టులో పంపు తిప్పే కుర్రాడికి బొమ్మ అతికించేసి చేతులు దులుపుకుంటే కుదరదు, అతని భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. పురుగుమందు డబ్బా మీద ఎర్ర రంగుకీ ఆకుపచ్చ రంగుకీ తేడా మన రైతులకు తెలుసు, చెప్పేవాళ్లుంటే ఇదీ వస్తుంది.

చిన్న పరిశ్రమలు ఖర్చు భరించలేవంటారు. కొంత నిజమే. అయితే తరచూ వాడే రసాయనాల వర్గీకరణను ఐరోపా, జపాన్ ఇప్పటికే చేసి అందరికీ ఉచితంగా పెట్టాయి, మళ్లీ పరీక్షలు చేయించక్కర్లేదు. గడువూ ఇవ్వొచ్చు: ఐరోపా విడి పదార్థాలకు 2010 డిసెంబరు, మిశ్రమాలకు 2015 జూన్ అని రెండు దఫాలుగా ఇచ్చింది. పెద్ద కంపెనీలకు మాత్రం ఈ సాకు చెల్లదు, ఎగుమతి సరుకుకు ఆ పని రోజూ చేస్తూనే ఉన్నారు.

కేంద్రం ముసాయిదాను ఎప్పుడు గెజిట్‌లో పెడుతుందో తేదీ చెప్పాలి. రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ అప్పటిదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు, పరవాడ, అచ్యుతాపురం యూనిట్ల నుంచి తెలుగు డేటా షీట్లు ఇప్పుడే తెప్పించుకోవచ్చు. ఇంకోటి, ఖాళీ డ్రమ్ములు. స్క్రాప్ షాపుల్లో కొన్న నీలం డ్రమ్ముల్లో నీళ్లు పట్టుకునే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు, అందులో అంతకుముందు ఏముండేదో కొన్నవాళ్లకు తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఆ డ్రమ్ములు ఫ్యాక్టరీ గేటు దాటకుండా ఆపే నిబంధన కూడా అదే గెజిట్‌లో ఉండాలి.