చేతులు కడగమంటారు సరే, టైమెక్కడిస్తున్నారు?

2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న నలుగురు మహిళలు చనిపోయారు. 2023 జనవరిలో మలక్‌పేట ఏరియా ఆసుపత్రిలో సిజేరియన్ తర్వాత ఇద్దరు బాలింతలు పోయారు. తర్వాతి తంతు తెలిసిందే. ధర్నా, విచారణ, చర్యలు. ఆ వేడి చల్లారాక వార్డుల్లో మిగిలేది ఇన్ఫెక్షన్ రాకుండా చేతులు కడుక్కోమనే పోస్టరు. అది వేలెత్తి చూపించేది నర్సునే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం శానిటైజర్‌తో చేతులు రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పట్టాలి, సబ్బుతో కడగాలంటే 40 నుంచి 60. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టేముందు, రక్తమో మూత్రమో తగిలే పని అయ్యాక, చివరికి మంచం పక్కన బల్లను తాకినా సరే. తప్పుపట్టడానికి లేదు. కానీ 20 మంది రోగులకు ఒక్క సిస్టర్ ఉన్న వార్డు సంగతి చూడండి. ఒక్కొక్కరి దగ్గరికి గంటకు మూడుసార్లు వెళ్తే 60 సార్లు. ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక్కసారే రుద్దుకుంటుందనుకున్నా, సారికి 20 సెకన్ల చొప్పున గంటలో 20 నిమిషాలు చేతులకే పోతాయి. మిగతా 40 నిమిషాల్లో ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, కేస్ షీట్లు, రోగుల వెంట వచ్చినవాళ్ల కేకలు. ఏది వదిలేస్తుంది? వదిలేసినా ఎవరికీ కనిపించనిదే వదిలేస్తుంది. అందుకే కొందరు ఒకే జత గ్లోవ్స్‌తో వార్డంతా తిరిగేస్తారు. దాంతో రక్షణ నర్సుకే, రోగికి కాదు.

క్రమశిక్షణ లేకపోతే ఎంతమందిని పెట్టినా అంతేనని కొందరు వైద్యాధికారులు అంటారు. నిజమే, ఖాళీగా ఉండీ చెయ్యి కడగని వాళ్లూ ఉంటారు. అయితే ఆ ఖాళీ ఇచ్చి చూశాక మాట్లాడితే బాగుంటుంది.

అసలు మనం నర్సును ఖర్చుగా చూస్తున్నాం. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే చెప్పింది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి, 50 లోపు పడకలున్నచోట కూడా 20 వేలకు తగ్గకూడదు. మెడికల్ టూరిజం గురించి గొప్పలు చెప్పుకునే ఈ నగరంలో ఎన్ని నర్సింగ్ హోముల్లో ఇది అమలవుతోందో ఏ సిస్టర్‌ని అడిగినా చెబుతుంది. నాలుగేళ్ల అనుభవం రాగానే గల్ఫో, జర్మనీయో. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామే భాష నేర్పించి మరీ పంపుతోంది. వెళ్లేవాళ్లను అనను, వాళ్ల బతుకు వాళ్లది. వాళ్ల స్థానంలో మాత్రం నిన్నగాక మొన్న కోర్సు పూర్తిచేసిన అమ్మాయి ఐసీయూలో నిలబడుతుంది.

కాబట్టి పోస్టర్లు ఆపి, ప్రతి వార్డు గుమ్మం మీద ఆ షిఫ్టులో ఉన్న నర్సులెందరో, రోగులెందరో రాయించండి. గాంధీ, ఉస్మానియాలతో మొదలుపెట్టి కార్పొరేట్ ఆసుపత్రుల దాకా, నైట్ డ్యూటీ లెక్కతో సహా.