రోడ్డు వేయొద్దు మహాప్రభో!

సోమవారం వస్తే చాలు, గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దామని నెల్లూరు కలెక్టరేట్ మెట్లెక్కే పల్లెజనానికి ఒక విన్నపం. మీలో రోడ్డు కోసం వచ్చినవాళ్లు దయచేసి ఇళ్లకు వెళ్లిపోండి. మీ ఊరి రోడ్డు పాడైపోలేదు, ప్రపంచస్థాయికి చేరింది. ఆ మాట చెప్పే నాథుడు లేక ఇన్నాళ్లూ మీరు అనవసరంగా బాధపడ్డారు.

గ్రావెల్ బైకింగ్ అని ఒక క్రీడ ఉంది. శుభ్రమైన తారు రోడ్డు పక్కనే ఉన్నా దాన్ని కాదని, కంకర దారులూ కాలవ కట్టలూ అడవి బాటలూ వెతుక్కుని మరీ సైకిలు తొక్కడం అన్నమాట. అమెరికాలోని కాన్సాస్‌లో 2006లో మొదలైన పందెం ఒకటుంది. అందులో పేరున్న పోటీ దూరం 200 మైళ్లు, అంటే దగ్గరదగ్గర 320 కిలోమీటర్లు. 2022లో ఇటలీలో ఏకంగా ప్రపంచ ఛాంపియన్‌షిప్పే పెట్టారు. రాళ్ల మీద అందరికంటే ముందు సైకిలు తొక్కినవాడికి ఇంద్రధనుస్సు చారల చొక్కా తొడుగుతారు. అదే పని చేసిన చేజర్ల రైతుకు మనం నడుముకి రాసుకోమని బామ్ ఇస్తున్నాం. ఇది ప్రచార లోపం తప్ప రోడ్డు లోపం కాదు.

సాంకేతిక విషయానికి వద్దాం. ఈ క్రీడకు వాడే సైకిలు టైరు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. మన కాంట్రాక్టరు పరిచి వదిలేసే కంకరను ఏమంటారు? నలభై ఎంఎం మెటల్. ఇంత చక్కటి సమన్వయం ఏ అంతర్జాతీయ ఒప్పందం వల్లా సాధ్యం కాదు. కంకర మీద రోలరు తిప్పాలి, సందుల్లో మట్టి నింపాలి, నీళ్లు కొట్టి మళ్లీ రోలరు తిప్పాలి, ఆ తర్వాత తారు వేయాలి. బిల్లు రాలేదని కాంట్రాక్టరు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడని మీరు శాపనార్థాలు పెడుతున్నారు. ఆయన ఆగిపోలేదండీ, ఎక్కడ ఆపాలో తెలిసి ఆపాడు. ఇంకో రెండు పొరలు పడి ఉంటే మీ ఊరికి అంతర్జాతీయ హోదా శాశ్వతంగా దూరమయ్యేది.

ప్రకృతి కూడా తన వంతు చేసింది. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, అక్కడే జాతీయ రహదారీ తెగింది. ఆ రెంటినీ ఆగమేఘాల మీద పూడ్చారు, ఎందుకంటే వాటి మీద చెన్నై వెళ్లేవాళ్లుంటారు. లోపలి ఊళ్ల దారుల విషయంలో అంత తొందరపాటుకు పోని చోట్ల, వరద చెక్కిన గుంటలు చెక్కినట్టే ఉన్నాయి. వాటిని వారసత్వ సంపదగా ప్రకటించడం ఒక్కటే మిగిలింది.

విదేశాల్లో ఇలాంటి దారుల వెంట గుర్తు పలకలు పెడతారు. చిన్న చెక్కముక్క, దాని మీద ఒక బాణం. మనకు ఆ లోటు లేదు, శిలాఫలకాలున్నాయి. పొలిమేరలో వేపచెట్టు కింద నిలబడి చూడండి: రోడ్డు మీద ఉన్నది గుండ్రాయి, ఫలకం మాత్రం పక్క జిల్లా చీమకుర్తి నుంచి వచ్చిన గెలాక్సీ గ్రానైటు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, దాని మీద బంగారు అక్షరాలతో శంకుస్థాపన చేసినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, గౌరవనీయ అతిథుల పేర్లు, తేదీ. మేకలు దాని నీడన పడుకుంటాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పక్కన ఇంకోటి లేస్తుంది. కాబట్టి దారి తప్పే ప్రమాదం లేదు: ఫలకం కనిపించిందంటే అక్కణ్ణుంచి తారు ఉండదని గుర్తు.

ఇక రూటు. జొన్నవాడ కామాక్షమ్మకు దండం పెట్టుకుని, సంగం మీదుగా పెన్న గట్టు పట్టుకుని సోమశిల దాకా ఒకటి. కండలేరు నుంచి తమిళనాడులోని పూండి వైపు పోయే తెలుగుగంగ కాలవ కట్ట మరొకటి. 1983 ఒప్పందం ప్రకారం ఆ నీళ్లు మద్రాసుకు పోవాలి, కట్ట మాత్రం మనది. నిజం చెప్పాలంటే ఈ కట్ట దారులు చాలా అందంగా ఉంటాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క నిమ్మతోటలు, ఎదురుగా నీలంగా వెలిగొండ. వ్యంగ్య వ్యాసంలో ఈ మాట రాయకూడదేమో గానీ, డిసెంబరు పొద్దున ఆ కట్ట మీద పోతుంటే రోడ్ల శాఖ మీద కోపం కూడా రాదు.

కాకపోతే ముళ్లుంటాయి. సర్కారు తుమ్మ కట్టకు ఇరువైపులా దడి కట్టినట్టు పెరిగి ఉంటుంది, కింద పల్లేరుకాయలు. గ్రావెల్ సైకిలుకు ట్యూబు ఉండదు. టైరులోనే తెల్లటి ద్రవం పోస్తారు, ముల్లు దిగితే అది గడ్డకట్టి రంధ్రం మూస్తుంది. పొదలకూరు రోడ్డులో ఒక పంక్చరు షాపు ముందు ఒక కుర్రాడి సైకిలు టైరులోంచి ఆ ద్రవం కారుతుంటే, షాపాయన నీళ్ల తొట్టి పక్కనుంచి లేచి వచ్చి చూశాడు.

“ఏంది సార్, చక్రంలో పాలు పోసుకోనుండారే?”

“సీలెంటన్నా. ముల్లు దిగితే అదే పూడ్చేస్తది.”

“మరి పూడ్చలేదే?”

ఆయన వంగి, గోటితో ఒక్కొక్క పల్లేరుకాయా పీకుతూ పోయాడు. పీకిన చోటల్లా ఒక తెల్లచుక్క ఉబికి, బుస్సుమని పేలుతోంది. కాసేపటికి చేతులు తుడుచుకుని, కుర్రాడి మొహం వంక జాలిగా చూసి అడిగాడు: “రెండు లక్షలు పెట్టి కొంటిరి గదా సార్, ట్యూబు ఇయ్యలేదా వాళ్లు?” ఆ సైకిలు ఆ రోజు ఆటో టాపెక్కి నెల్లూరు చేరింది.

వానాకాలంలో ముళ్లు మెత్తబడతాయి, కానీ రేగడి లేస్తుంది. కాన్సాస్ పందెంలో 2023లో ఇదే జరిగింది. మహామహులు బురదలో దిగబడి, రంగు కలిపే చెక్క పుల్లలతో చక్రాలు గోక్కున్నారు. మన రైతు తుమ్మపుల్లతో గోక్కుంటాడు. పుల్ల కొనక్కర్లేదు.

అడవి మార్గం, అంటే రాపూరు దాటి పెంచలకోన చుట్టుపక్కల దారి, సాహసికులకు మాత్రమే. అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, ఎలుగుబంట్లకు దారివ్వాలి. అసలు సమస్య ఎలుగుబంటి కాదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద ఈ తూర్పు కనుమల దక్షిణ కొసనే. అందువల్ల చీకటితో నెత్తికి దీపం కట్టుకుని, వీపుకి సంచీ తగిలించుకుని కొండ దిగే మనిషిని ఇక్కడ పర్యాటకుడు అనరు. చెక్‌పోస్టులో ఆపితే సైకిలు ఫ్రేము కార్బన్‌దని వినయంగా చెప్పండి. ఎర్ర రంగు ఫ్రేము మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కొనకండి.

రాత్రి రైడ్లు వద్దు. మిగతా దేశాల్లో గ్రావెల్ కదలకుండా ఉంటుంది, దాని మీద మనుషులు పోతారు. మన దగ్గర చీకటి పడ్డాక గ్రావెలే టిప్పర్లలో ప్రయాణం చేస్తుంది. వాటికి హెడ్‌లైట్లు ఉండవు, నంబరు ప్లేటు మీద మట్టి ఉంటుంది, తొందర మాత్రం విపరీతం. పొద్దున చూస్తే నిన్నటి గుట్ట ఉండదు. కొండ ఎక్కడం ఈ క్రీడలో కష్టమైన భాగమంటారు. ఆ కష్టాన్ని క్రమంగా తొలగిస్తున్నవారిని మనం దొంగలంటున్నాం.

ఇన్ని చెప్పాక, ఈ క్రీడలో జిల్లాకు పతకం తేగలవాళ్లు ఎవరని అడుగుతారు. వారాంతాల్లో బిగుతు చొక్కాలు తొడుక్కుని, పాతిక కిలోమీటర్లు తొక్కి, ఎంత తొక్కామో అందరికీ చూపించే స్ట్రావా యాప్‌లో ఎక్కించి, నేతి కారం దోశల దగ్గర విశ్రమించే మా నెల్లూరు మిత్రులు తప్పకుండా ప్రయత్నిస్తారు. వాళ్లకు అడ్డం ఒక్కడే. రోజూ తెల్లారకముందే కాలవ కట్ట మీద వచ్చే పాలాయన. పాత అట్లాసు సైకిలు, హ్యాండిలుకు చెరోపక్క ఒక క్యాను, వెనక క్యారియరుకు ఇంకో రెండు, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ. ఒక చేత్తో సెల్లు చెవికి ఆనించుకుని, పడ్డ ఈనిందో లేదో కనుక్కుంటూ, గుండ్రాళ్ల మధ్య పాము పోయినట్టు పోతాడు. మిత్రులు ఎంత తొక్కినా ఆయన వీపే కనిపిస్తుంది. కాసేపటికి అదీ కనిపించదు.

నిబంధనలు పరిశీలించాం. ఆయన అనర్హుడు. హెల్మెట్ లేదన్నది చిన్న సంగతి. అవసరం ఉండి తొక్కుతున్నాడన్నది పెద్ద అభ్యంతరం, అది క్రీడాస్ఫూర్తికే విరుద్ధం. కాబట్టి పోటీ రోజున తెల్లవారుజామున 5 నుంచి 8 దాకా కట్ట మీదికి ఆయన్ని రానివ్వకూడదని తీర్మానించాం. ఆ పూట ఊళ్లోకి పాలు ఆలస్యంగా వస్తాయి గనుక, ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలకు డికాషనే ఇస్తాం. చక్కెర కావలసినవాళ్లు ముందుగా చెప్పాలి.