పేరు చెబితే పనిచేయని మందు

నమ్మకమైన మూలికా వైద్యుణ్ణి ఎలా ఎంచుకోవాలన్నది ఇంకా తేలని సమస్య అని కొందరు అమాయకులు అనుకుంటున్నారు. అది తేలిపోయి చాలా కాలమైంది. మందులో ఏముందో చెప్పనివాడే నమ్మకస్తుడు. పేర్లు వరసగా చెప్పి, చీటీ మీద రాసి చేతికిచ్చేవాణ్ణి మాత్రం అనుమానించాలి. అంత సులువుగా బయటపెట్టేదానిలో మహిమ ఏముంటుంది? బ్యాంకు ఖాతాలో చిల్లర తేడా వచ్చినా మేనేజరును నిలదీసే చదువరులు తమ కడుపులోకి పోయే పొడి విషయంలో పాటిస్తున్న సూత్రం ఇదే.

ఆ సంభాషణ కూడా ఎక్కడైనా ఒకే తీరున నడుస్తుంది.

“ఇందులో ఏమేం కలిపారండీ?”

“మూలికలు.”

“ఏ మూలికలు?”

“మేలైనవి.”

“వాటి పేర్లు?”

“నాయనా, పేరు చెబితే మందు పనిచేయదు.”

“పోనీ, ఎన్ని రకాలు?”

“లెక్క చెప్పినా పనిచేయదు.”

“వేర్లా, ఆకులా?”

వైద్యుడు బాధగా కళ్లు మూసుకుంటాడు. వేరు అన్న మాట రోగి నోట రాగానే పొట్లంలో సగం బలం పోయిందని ఆయన ముఖమే చెబుతుంది.

“ఎన్నాళ్లు వాడమంటారు?”

“తగ్గేదాకా.”

“తగ్గకపోతే?”

“పథ్యం తప్పావన్నమాట.”

“పథ్యం ఏమిటో మీరు చెప్పలేదు కదండీ!”

“నువ్వు అడగలేదు కదా!”

దీంతో రోగికి తన తప్పు తెలిసివస్తుంది. నోరు జారినందుకు మన్నించమని, ఒకటికి రెండు పొట్లాలు పట్టుకుని వెళతాడు.

పేరు వినపడగానే గుణం కోల్పోయే ఈ మొక్కల గురించి వృక్షశాస్త్రం ఇంతవరకు శ్రద్ధ పెట్టకపోవడం విచారకరం. అడవిలో వీటిని ఏరేవాళ్లు ఒకరికొకరు ఎలా చెప్పుకుంటారు, సైగలతోనా? ఎండబెట్టి కట్టిన మూటల మీద ఏమని రాసుకుంటారు? వైద్యుడు తన కొడుక్కి విద్య నేర్పేటప్పుడు చెవిలో గొణిగితే ఫరవాలేదా? ఎంత గట్టిగా అంటే మందు చచ్చిపోతుందో కొలిచినవాళ్లున్నారా? 1753లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దాదాపు 6,000 మొక్కలకు రెండేసి మాటల పేర్లు స్థిరపరచి అచ్చు వేయించాడు. ఒక్క దెబ్బకు ఆరు వేల మొక్కల మహిమ మట్టిలో కలిసింది. మానవజాతి ఆరోగ్యానికి ఇంతటి ద్రోహం మరొకరు చేసి ఉండరు.

ఆ ద్రోహుల వరసలో రెండోవాడు విథరింగ్. ఇంగ్లండులో ఒక ముసలావిడ, ఒళ్లు నీరుపట్టిన రోగులకు తన ఇంటి రహస్యమైన మందొకటి ఇచ్చేది. ఇరవై దాకా మొక్కలున్న ఆ కలగూరగంపలో అసలు పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని ఈ డాక్టరు పట్టేశాడు. పట్టేసినవాడు ఊరుకోవచ్చు కదా! ఎంత ఇస్తే నీరు తీస్తుందో, ఎంత దాటితే వాంతులు మొదలై నాడి మందగిస్తుందో, తన రోగుల్లో ఎవరికి నయమైందో, ఎవరికి కాలేదో 1785లో అంతా అచ్చు వేయించాడు. నయం కానివాళ్ల సంగతి కూడా! వృత్తి గౌరవం ఉన్న వైద్యుడు చేసే పనేనా అది? ఇంత జరిగాక కూడా ఆ మొక్క జాతి నుంచే తీసిన డిగాక్సిన్ ఈ రోజుకీ గుండె రోగులకు పనిచేస్తోందంటే దాని మొండితనమే తప్ప మరొకటి కాదు.

చైనాలో మరీ ఘోరం. అక్కడ నాలుగో శతాబ్దంలోనే గె హొంగ్ అనే ఆయన చలిజ్వరానికి వాడే మొక్కను పేరుతో సహా రాసిపెట్టాడు. నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. పదహారు వందల ఏళ్ల తర్వాత తు యోయో అనే శాస్త్రవేత్త ఆ వాక్యం చదివి, మరిగించడం వల్ల గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో సారం తీసింది. మలేరియాకు ఆర్టెమిసినిన్ అలా దొరికింది. 1972లో రోగులకు ఇచ్చే ముందు ఆమె, సహచరులు ఆ మందును తామే మింగి చూశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. వేడికి చెడిందే తప్ప ఆ మొక్క పేరుకు చెడలేదు!

రహస్యం వెనక మహిమ కాక మరేదో ఉందని శంకించే పాపాత్ములు ప్రయోగశాలల్లో ఉంటారు. “రెండో రోజుకే మోకాళ్ల నొప్పి మాయం” అనే చూర్ణాలను పరీక్షించి చూస్తే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. అంటే ముత్తాత కొండల్లో తపస్సు చేసి సంపాదించిన రహస్యం ఫ్యాక్టరీలో తయారైన మాత్ర. దాన్ని నూరి కలిపారు. నొప్పి పోయిన మాట నిజమే. నెలల తరబడి వాడాక ముఖం ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. హఠాత్తుగా మానేస్తే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. తాను స్టెరాయిడ్ వాడుతున్నట్టే తెలియనివాడు జాగ్రత్తగా మానడం ఎలా?

మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా పేరు తెలియకపోవడం చాలు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి ఇచ్చిన మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు, దాదాపు అలాంటి పేరే ఉన్న అరిస్టొలోకియా జాతి మొక్క కలిసింది. వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. వారిలో కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. (మనం ఈశ్వరి అని పిలిచే తీగ కూడా ఆ జాతిదే. ప్రకృతి సిద్ధమైనది హాని చేయదని చెప్పేవాళ్లకు ఉమ్మెత్తను కూడా ఎవరో ఒకరు పరిచయం చేయాలి.)

ఇక రెండో రకం వైద్యుడు ఉంటాడు. ఆయన దగ్గరికి వెళ్లడమంత విసుగు మరొకటి లేదు. మనం అడగకముందే ఆయన అడగడం మొదలుపెడతాడు. ఇంకేం మందులు వాడుతున్నారు? రక్తపోటు ఉందా? ఉంటే అతిమధురం వద్దు, అది రక్తపోటును పెంచుతుంది. గర్భమా? ఆపరేషన్ ఏదైనా ఉందా? దిగులుకు చాలామంది సొంతంగా కొనుక్కునే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్‌ను రక్తంలో తగ్గించేస్తుందని, అమర్చిన గుండెను శరీరం తిరస్కరించిన కేసులు 2000లోనే అచ్చయ్యాయని ఆయనకు తెలుసు. అందుకే అడుగుతాడు. మొక్క పేరు, వాడిన భాగం, మోతాదు కాగితం మీద రాస్తాడు. చివరికి “ఇది నా వల్ల అయ్యేది కాదు, ఆసుపత్రికి వెళ్లండి” అని కూడా అనగలడు. పొట్లం అమ్మడం చేతగాని మనిషి! ఆయన ఇంటి ముందు క్యూ ఎందుకుంటుంది?

క్యూ మరోచోట ఉంటుంది. అక్కడికి ఒక తల్లి పిల్లవాణ్ణి తీసుకొస్తుంది. వాడికి టైప్ 1 మధుమేహం. వాడి శరీరం ఇన్సులిన్ తయారు చేసుకోలేదు. 1922కు ముందు, అంటే ఇన్సులిన్ ఇంజెక్షన్ రాకముందు, ఆ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. రహస్య మూలికల స్వామి సూదులన్నీ ఆపేయమంటాడు. వాటి వేడి వల్లే తన మందు పట్టడం లేదంటాడు. రెండు రోజులకు పిల్లవాడికి వాంతులు మొదలైతే, ఒంట్లో విషం బయటికి పోతోంది, శుభసూచకం అంటాడు. పోతున్నది విషం కాదు. పోతున్నది పిల్లవాడు. వాడి రక్తం ఆమ్లంగా మారుతోంది, వాడు ఊపిరి కోసం ఎగపోస్తున్నాడు, ఆసుపత్రిలో డాక్టరు ఏమిచ్చారని అడిగితే ఆ తల్లి దగ్గర చెప్పడానికి ఒక్క పేరు కూడా లేదు. దీనికి వ్యంగ్యం పనికిరాదు. ఇది హత్యకు అర అడుగు దూరం. ఆ తర్వాత ఆలస్యంగా తీసుకొచ్చారని, కర్మ అని తల్లి మీదికే తోసేసే నోటికి ఏ పథ్యమూ లేదు.

నా కోపమంతా ఆ రహస్యాల దుకాణం మీదే అనుకోకండి. కాగితం మీద పేర్లు రాసిచ్చే ఆ మంచి వైద్యుడి మీద కూడా కొంత ఉంది. ఫలానా పొడిలో స్టెరాయిడ్ ఉందని రోగి ఉబ్బిన ముఖం చూడగానే ఆయన పోల్చగలడు. ఇన్సులిన్ ఆపమన్నది ఎవరో కూడా ఆయనకు తెలుసు, ఆ పిల్లవాళ్ల తల్లిదండ్రుల్లో కొందరు తర్వాత ఆయన దగ్గరికీ వస్తారు కాబట్టి. ఫిర్యాదు రాయమంటే మాత్రం, తోటి వైద్యుడి గురించి పేరు పెట్టి చెప్పడం మర్యాద కాదంటాడు.