ఆరు బేసిన్ల దొరవారు

మా మనవడు అరుగు మీద కూర్చుని బిట్లు బట్టీ పడుతున్నాడు. ‘‘భారతదేశాన్ని కనుగొన్నది ఎవరు? వాస్కో డ గామా.’’ పదోసారి కూడా అదే వినేసరికి నాకో ధర్మసందేహం పట్టుకుంది. 1498 మే 20 దాకా మనమంతా ఎక్కడ తప్పిపోయినట్టు?

1244 ప్రాంతంలోనే మన గణపతిదేవుడు మోటుపల్లి రేవులో రాతి మీద అభయమిచ్చాడు. ఓడ మునిగి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అది వర్తకుడిదే, రాజు కట్టించుకునేది సుంకం మటుకేనని. ఎవరూ కనుగొనని దేశానికి సుంకాల పట్టీ కూడా ఉందన్నమాట.

గామాగారు 1497 జూలైలో నాలుగు ఓడలతో పోర్చుగల్ నుంచి, లిస్బన్లో బయల్దేరి, ఆఫ్రికా చుట్టూ తడుముకుంటూ దాని తూర్పు తీరంలోని మలింది రేవు చేరారు. అక్కడి రాజు ఓ సరంగుని ఇచ్చాడు. ఆ సరంగు 23 రోజుల్లో సముద్రం దాటించి కేరళ తీరంలో కాలికట్ పక్కన దించాడు. ఆటో ఎక్కి వచ్చినవాడు ఊరు కనుగొన్నాడట! ఆటోవాడి పేరు ఏ బిట్లోనూ లేదు.

దిగడానికైనా ముందు గామా దిగాడా? శిక్షపడ్డ ఖైదీ నొకణ్ణి పంపాడు. వాడికి ఎదురైన ఇద్దరు ట్యూనిస్ (ఉత్తర ఆఫ్రికా) వర్తకులు స్పానిష్ భాషలోనే పలకరించారు: ‘‘నిన్ను దయ్యం ఎత్తుకుపోను, ఇక్కడెక్కడ తగలడ్డావురా?’’ తిట్టేవాళ్ళు సైతం ఆయనకంటే ముందే వచ్చి ఉంటే, ఇంక కనుగొనడం ఏమిటండీ!

అసలు ముచ్చట కానుకలది. కాలికట్ రాజు సామూతిరి పచ్చ మఖమలు పాన్పు మీద ఒరిగి, తాంబూలం నములుతూ, బంగారు పాత్రలో ఉమ్ముతున్నాడు. ఆయనకని దొరవారు సిద్ధం చేసినవి: చారల గుడ్డలు పన్నెండు, టోపీలు ఆరు, ఎర్ర ముసుగులు నాలుగు, పగడాల పేర్లు నాలుగు, ఒక పెట్టె పంచదార, రెండేసి పీపాల నూనె, తేనె. ఆపైన, చేతులు కడుక్కునే బేసిన్లు. ఆరు! పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చే అమ్మి కూడా గుమ్మంలో ఇంతకంటే దర్జాగా తట్ట దింపుతుంది. రాజోద్యోగులు పగలబడి నవ్వారు. మక్కా నుంచి వచ్చే నిరుపేద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువ ఇస్తాడు, ఇవ్వదలిస్తే బంగారం ఇవ్వమన్నారు. ఉమ్మడానికే బంగారం వాడే మనిషికి బేసిన్లెందుకు? పంచదార, తేనె రెండూ ఎందుకు? పాయసం వండుకోమనా?

తిరుగు ప్రయాణంలో గాలి కాలం చూసుకోక 23 రోజుల దారి మూడు నెలలు పట్టింది. నోటి చిగుళ్ళు వాచి మనుషులు పిట్టల్లా రాలిపోయారు. దారి కనుగొన్న ఘనుడి సంగతి ఇదీ.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. 1502లో ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి పెద్ద నౌకాదళంతో. మక్కా యాత్ర నుంచి తిరిగొస్తున్న మిరి అనే ఓడని పట్టుకున్నాడు. సొమ్మంతా ఊడ్చుకున్నాక వందల మందిని లోపలే ఉంచి నిప్పు పెట్టించాడు. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు చూపించి, చంటిపిల్లల్ని రెండు చేతులా పైకెత్తి వేడుకున్నారు. శత్రువులు కట్టిన కథ కాదిది, ఆ నౌకాదళంలో వచ్చిన పోర్చుగీసువాడే రాసిపెట్టాడు. గామా చూస్తూ నిలబడ్డాడు. పిల్లల్ని ఎత్తి చూపిస్తుంటే చూస్తూ నిలబడ్డవాణ్ణి నావికుడంటారా? మా ఊళ్ళో దానికి వేరే మాటుంది, అచ్చులో రాయను. వాడి పేరు పసివాడి చేత పదిసార్లు వల్లె వేయిస్తున్నాం! గోవాలో ఊరికి ఆ పేరే. గుంటూరు మీదుగా ఆ ఊరికి మన అమరావతి ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది.

పరీక్షలో ‘డి, పైవారెవరూ కాదు’ అని పెట్టమన్నాను. పెట్టాడు. మార్కు పోయింది. మూడు రోజులుగా మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు.